గేర్‌బాక్సు దింపించే ముందు ఇంజిన్ ఆయిల్ ఎక్కడ కారుతోందో కనిపెట్టండి

మీ ప్రశ్నను ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. ఎనిమిదేళ్ళ పెట్రోలు కారు, 82,000 కిలోమీటర్లు తిరిగింది. రాత్రి నిలిపిన చోట తెల్లారేసరికి రూపాయి బిళ్ళంత ఆయిల్ మరక పడుతోంది. మొదట పాత ఆయిల్ దింపడానికి విప్పే డ్రెయిన్ బోల్టు వాషరు మార్చారు, తగ్గలేదు. తర్వాత చాంబరు, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, దింపి కొత్త ప్యాకింగ్ వేశారు. పది రోజులు ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక ఆయిల్‌ను ఆపే సీలు పోయింది, గేర్‌బాక్సు దింపాలి అంటున్నారు. దింపించాలా వద్దా అని అడిగారు.

ఇప్పుడే వద్దు. ఆ సీలు నిజంగానే పోయి ఉండవచ్చు, కాదనను. కానీ మీరు రాసిన దాంట్లో ఇంజిన్‌ను ఒక్కసారైనా శుభ్రంగా కడిగి చూసినట్టు ఎక్కడా లేదు. కడగని ఇంజిన్ మీద లీకు ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు. ముప్పై ఏళ్ళుగా ఈ పనే చేస్తున్న నేను కూడా చెప్పలేను. మీ డబ్బు రెండుసార్లు వృథా కావడానికి కారణం అదే.

వానకు పెంకుటిల్లు కారినప్పుడు ఏం జరుగుతుందో చూసే ఉంటారు. చుక్క మంచం మీద పడుతుంది. మంచానికి సూటిగా పైనున్న పెంకు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఎక్కడో నడికప్పు దగ్గర పగిలిన పెంకులోంచి దిగిన నీరు వాసం పట్టుకొని జారి జారి, వాసం ఎక్కడ వంగితే అక్కడ చుక్కగా రాలుతుంది. ఇంజిన్ కూడా అచ్చం అంతే. పైన ట్యాపెట్ కవరు (ఇంజిన్ నెత్తిన ఉండే మూత) దగ్గర పుట్టిన ఆయిల్ బ్లాకు గోడ వెంట దిగి, దారిలో కనిపించిన ప్రతి బోల్టునూ తడిపి, చివరికి అన్నిటికంటే కింద ఉన్న అంచు నుంచి పడుతుంది. ఆ కింది అంచు చాలా కార్లలో చాంబరు అంచో, డ్రెయిన్ బోల్టో, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య అతుకో అవుతుంది. మీ కారుకు చేసిన రెండు మరమ్మతులూ, చేయబోయే మూడోదీ సరిగ్గా ఈ మూడు చోట్లే అన్నది గమనించండి. చుక్క రాలిన చోటల్లా విప్పుకుంటూ వచ్చారు.

పది రోజులు ఆగడం కూడా నాకు ఒక ఆనవాలే. చాంబరు దింపినప్పుడు ఆ భాగమంతా గుడ్డతో తుడిచి ఉంటారు. పైనుంచి కొత్తగా దిగే ఆయిల్ మళ్ళీ దుమ్మును తడుపుకుంటూ కిందికి చేరడానికి ఆ పది రోజులూ పట్టాయి. ప్యాకింగే కారణమై ఉంటే, కొత్తది సరిగ్గా కూర్చుంటే పూర్తిగా ఆగేది, సరిగ్గా కూర్చోకపోతే మర్నాడే తెలిసేది. అందుకే ఆయిల్ పైనుంచి వస్తోందని నా అనుమానం. అనుమానం మాత్రమే. రుజువు మీరే తెచ్చుకోవాలి. దానికి ఒక ఆదివారం సరిపోతుంది.

మొదటి పని, అది ఇంజిన్ ఆయిలేనని తేల్చుకోవడం. రాత్రి కారు కింద తెల్లటి అట్టముక్క ఒకటి, వీలైనంత పెద్దది, పరవండి. ముందు చక్రాలు ఎక్కడ ఉన్నాయో అట్ట మీద పెన్సిల్‌తో గీత గీసుకోండి. తెల్లవారాక చుక్క ఇంజిన్‌లో ఏ భాగం కింద పడిందో ఆ గీతలను బట్టి తెలుస్తుంది. ఆ చుక్కను వేలితో తీసి గ్లాసు నీటిలో వేయండి. ఆయిల్ అయితే పైన తేలుతుంది. కూలెంటు, బ్రేక్ ఆయిల్ నీటిలో కలిసిపోతాయి. తేలింది గాని ఘాటుగా గంధకం వాసన కొడుతోందంటే అది గేర్ ఆయిల్, దాని కథ వేరు. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలో, పాత రకం పవర్ స్టీరింగ్ ఆయిలో కావచ్చు. తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు ఉండి, పెద్దగా వాసన లేకుండా, వేళ్ళ మధ్య జారుతూ ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎండాకాలంలో ఏసీ నీటి మడుగును చూసి కంగారుపడి బండి తెచ్చినవాళ్ళనూ చూశాను కాబట్టి ఇదంతా చెబుతున్నాను.

తర్వాత డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల. కారు సమతలంగా ఉన్న చోట, ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక, తుడిచి మళ్ళీ ముంచి చూడండి. రెండు విషయాలు తెలుస్తాయి. ఆయిల్ పై గీత దాటి ఉంటే అదే పెద్ద తప్పు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, బాగున్న సీళ్ళ నుంచి కూడా చెమ్మ వస్తుంది. మట్టం తక్కువగా ఉంటే ఒక చిన్న లెక్క వేయండి. ఒక చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు. రూపాయి బిళ్ళంత మరకకు ఐదారు చుక్కలు చాలు. అంటే రాత్రికి 0.3 మిల్లీలీటరు, నెల మొత్తం కలిపినా 10 మిల్లీలీటర్లు దాటదు. చాలా కార్లలో స్టిక్ మీద పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా సుమారు లీటరు, చిన్న ఇంజిన్లలో ఇంకొంచెం తక్కువ. కాబట్టి నెలలో మట్టం సగానికి పడిపోతోందంటే నేల మీది మరక ఆ నష్టానికి లెక్క చెప్పదు. బండి నడుస్తున్నప్పుడే ఎక్కువ పోతోందన్నమాట. లేదా ఇంజిన్ లోపల కాలిపోతోందన్నమాట. ఈ తేడా ముందే తెలిస్తే వెతకాల్సిన చోట్లు సగం తగ్గిపోతాయి.

ఎందుకంటే ఇంజిన్‌లో ఆయిల్ మూడు రకాలుగా ఉంటుంది. పంపు తోసే దారిలో ఒత్తిడితో ఉంటుంది. ఫిల్టరు, ఆయిల్ ప్రెజర్ స్విచ్ (ఒత్తిడి తగ్గితే దీపం వెలిగించేది), టర్బో ఉంటే దానికి వెళ్ళే గొట్టం ఈ దారిలోవి. ఇవి ఇంజిన్ నడిచినప్పుడు కారతాయి, ఆపగానే తగ్గుతాయి. చల్లటి ఇంజిన్ స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఒత్తిడి అప్పుడే ఎక్కువ, వీటి లీకూ అప్పుడే బాగా కనిపిస్తుంది. రెండో రకం ఒత్తిడి లేకుండా చిందుతూ, నిలిచి ఉండే ఆయిల్. ట్యాపెట్ కవరు లోపల, చాంబరులో ఉండేది అది. చాంబరు అంచు, డ్రెయిన్ బోల్టు లాంటివి కారు నిలిపి ఉంచినా కారుతూనే ఉంటాయి. మూడోది తిరిగే షాఫ్టుల దగ్గర సీలు పెదవి ఆపే ఆయిల్. క్రాంక్‌కు ముందు, వెనక, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టుకు చివర ఉండే సీళ్ళు ఇవి. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక, షాఫ్టు తిరుగుతున్నప్పుడు వీటి నుంచి చెమ్మ ఎక్కువ. దూరప్రయాణం చేసిన రాత్రి మరక పెద్దదిగా ఉందా, రెండు రోజులు కదలకుండా ఉన్నప్పుడు కూడా అంతే పడిందా అన్నది ఒక వారం రాసిపెట్టుకోండి. మెకానిక్‌కు మీరు ఇవ్వగలిగిన సమాచారంలో ఇంతకంటే విలువైనది లేదు.

కడిగే ముందు ఇంకొక్కటి చూడాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పిస్టన్ల పక్క నుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి జారుతుంది. అది బయటికి పోవడానికి ట్యాపెట్ కవరు నుంచి గాలి లాగే గొట్టానికి ఒక చిన్న వాల్వు ఉంటుంది, పీసీవీ వాల్వు అంటారు. అది మడ్డితో మూసుకుపోతే లోపలి గ్యాస్‌కు దారి లేక సీళ్ళను తోస్తుంది. అప్పుడు మీరు ఒక సీలు మారిస్తే ఇంకొక చోట మొదలవుతుంది. ఒకేసారి రెండు మూడు చోట్ల చెమ్మ కనిపించిందంటే ముందు దీన్నే అనుమానించాలి. పరీక్ష తేలిక. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి ఆ నోటి మీద పలుచటి కాగితం పెట్టండి. పెట్రోలు ఇంజిన్‌లో ఆ కాగితం మెల్లగా లోపలికి అతుక్కోవాలి, కనీసం కదలకుండా ఉండాలి. పైకి ఎగిరి, పొగ బుసబుసా వస్తుంటే వాల్వు మూసుకుపోయిందో, పిస్టన్ రింగులు అరిగాయో రెండింట్లో ఒకటి. వాల్వు విడిగా ఊడివచ్చే రకమైతే తీసి చెవి దగ్గర ఊపండి. లోపల టకటకమని చప్పుడు రావాలి. మారిస్తే పెద్ద ఖర్చు కాదు.

ఇక కడగడం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి సైలెన్సరు మీద కిరోసిన్ పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పెట్రోలుతో మాత్రం ఎప్పుడూ కడగవద్దు. దుకాణాల్లో ఇంజిన్ డీగ్రీజర్ దొరుకుతుంది, అదే మేలు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఆల్టర్నేటరు (బ్యాటరీని చార్జి చేసేది), ఫ్యూజు పెట్టె, ఇగ్నిషన్ కాయిళ్ళు, గాలి తీసుకునే నోరు, వీటికి పాలిథిన్ సంచులు గట్టిగా చుట్టండి. డీగ్రీజర్ చల్లి పావుగంట నానబెట్టి, పాత పళ్ళు తోముకునే బ్రష్షుతో మూలలు రుద్ది, సన్నటి ధారతో కడగండి. సర్వీసింగ్ సెంటర్లలో వాడే ఒత్తిడి నీటి తుపాకీ వద్దు, వైర్ల కప్లింగుల్లోకి నీరు తోసేస్తుంది. తర్వాత రెండు మూడు గంటలు బానెట్ తెరిచి ఎండలో ఆరనివ్వండి.

ఇంజిన్ కింద నల్లటి ప్లాస్టిక్ రేకు ఉంటే అది ముందే విప్పి పక్కన పెట్టాలి. ఆ రేకు చాలా మోసం చేస్తుంది. ఎక్కడో కారిన ఆయిల్ అందులో చేరి, దాని పల్లపు రంధ్రంలోంచి పడుతుంది. అట్ట మీద పడ్డ చుక్కకూ లీకుకూ జానెడు దూరం కాదు, బారెడు దూరం ఉండవచ్చు. ఆయిల్ మార్చినప్పుడు ఒలికినది కూడా ఆ రేకులోనూ, కింది ఇనుప దూలం మడతల్లోనూ నిలిచి వారం పది రోజులు చుక్కలు చుక్కలుగా పడుతుంది. సర్వీసు చేయించిన మర్నాడే లీకు అని కంగారుపడ్డవాళ్ళలో కొందరికి అసలు లీకే ఉండదు.

కింద పడుకొని పనిచేసే ముందు ఒక మాట. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎవరూ వెళ్ళకూడదు. ఒక్క నిమిషానికైనా సరే. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు కావాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్ళు పెట్టండి. స్టాండ్లు లేకపోతే సర్వీసింగ్ గుంట ఉన్న చోటికి తీసుకెళ్ళండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కింద ఉండవద్దు. వదులు చొక్కా చేతులు, తువ్వాలు, చున్నీ, ఏదీ బెల్టు దగ్గరికి రాకూడదు. రేడియేటరు ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా దానంతట అది తిరగవచ్చు.

ఆరిన ఇంజిన్ మీద, అనుమానం ఉన్న చోట్ల ముఖానికి రాసుకునే పౌడరు చల్లండి. చిన్నపిల్లల పౌడరైనా పరవాలేదు. ట్యాపెట్ కవరు అంచు చుట్టూ, ఫిల్టరు పైన, బ్లాకు వెనక గోడకు, చాంబరు అంచుకు పలచగా పడితే చాలు. బెల్టు మీద పడనివ్వవద్దు. తర్వాత బ్యాటరీ వైరు తగిలించి, స్టార్టు చేసి పది నిమిషాలు నడవనిచ్చి, ఆపి, టార్చితో చూడండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ దారి సన్నటి ముదురు గీతలా దిగి కనిపిస్తుంది. ఏమీ కనిపించకపోతే పది కిలోమీటర్లు తిరిగి వచ్చి మళ్ళీ చూడండి. అప్పటికీ లేకపోతే మర్నాడు ఉదయం. తొందరపడి ముందే యాభై కిలోమీటర్లు తిప్పేస్తే గాలికి అంతా చెదిరి మళ్ళీ మొదటికొస్తుంది. మొదట కనిపించే సన్నటి గీతే మీకు కావాల్సిన సాక్ష్యం.

ఆ గీతను కింది నుంచి పైకి చదవాలి. తడి ఎక్కడ ఆగిపోయి పైన పొడిగా ఉందో అదే పుట్టుక. నడిచే కారులో గాలి ముందు నుంచి వెనక్కి తోస్తుంది కాబట్టి, తడి భాగాల్లో అన్నిటికంటే పైనా, అన్నిటికంటే ముందూ ఉన్నది ఏదో చూడండి. కంటికి అందని చోటికి పొడవు కాడ ఉన్న చిన్న అద్దం వాడతాం. మీ దగ్గర లేకపోతే ఫోను కెమెరాను టార్చి వేసి లోపలికి పెట్టి వీడియో తీసినా పని జరుగుతుంది.

నా అనుభవంలో ఎక్కువగా దొరికేది ట్యాపెట్ కవరు ప్యాకింగ్. ఎనిమిదేళ్ళ వేడికి రబ్బరు గట్టిపడి, చేత్తో విరిస్తే టక్కున విరిగే స్థితికి వస్తుంది. దానికి ఇంకో ఆనవాలు ఉంది, స్పార్కు ప్లగ్గుల గుంటల్లో ఆయిల్ నిలవడం. కాయిల్ పైకి లాగితే దాని రబ్బరు కాడ తడిసి ఉంటుంది. కవరు బోల్టులను బిగిస్తే పోతుందని ఇంకో చుట్టు తిప్పుతారు కొందరు. అది చాలా తప్పు. అవి చిన్న బోల్టులు, వాటికి ఇవ్వాల్సిన బిగింపు కూడా కొంచెమే. ప్లాస్టిక్ కవరైతే చిట్లుతుంది, అల్యూమినియం హెడ్డైతే మర పోతుంది. గట్టిపడ్డ రబ్బరు ఎంత నొక్కినా మెత్తబడదు.

ఫిల్టరు మార్చిన వెంటనే మొదలైన లీకైతే ఫిల్టరునే చూడండి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజిన్‌కు అతుక్కుపోయి, దాని మీదే కొత్త ఫిల్టరు బిగించడం జరుగుతుంటుంది. రెండు రింగుల మధ్య నుంచి ఒత్తిడికి ఆయిల్ ధారగా వస్తుంది, చాంబరు ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. డ్రెయిన్ బోల్టుకు ఒకసారి నలిగిన వాషరే మళ్ళీ వేస్తే అక్కడా చెమ్మ వస్తుంది. మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్లకు చాంబరు కింద తగిలి సొట్ట పడ్డ కార్లకు అంచు వంగి ప్యాకింగ్ నిలవదు. ఎంత సిలికాన్ పూసినా అంతే, అంచును చదును చేయాల్సిందే. సిలికాన్ పేస్టు ఎక్కువ పూస్తే లోపలికి పొంగిన ముక్కలు ఊడి పంపు జల్లెడకు అడ్డుపడతాయి. మీ చాంబరు ఈమధ్యే దింపారు కదా, అంచు చుట్టూ వేలెడు మందాన పేస్టు పొంగి కనిపిస్తుంటే నాకు భయమే. ఆయిల్ ప్రెజర్ దీపం మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఇప్పుడు మీ విషయానికి దగ్గరగా ఉన్న ఒక సంగతి చెబుతాను. నాలుగేళ్ళ కిందట మచిలీపట్నం నుంచి ఒక స్కూలు మాస్టారు విజయవాడ ఆటోనగర్‌లో నా షెడ్డుకు కారు తెచ్చారు. అప్పటికే రెండు చోట్ల చూపించారు. రెండు చోట్లా ఒకే మాట, వెనక సీలు.

"ఏమండీ, గేర్‌బాక్సు దింపక తప్పదా?" అని అడిగారు.

"ముందు కడిగి చూద్దాం మాస్టారూ, ఆ తర్వాత దాని సంగతి" అన్నాను.

పైకెత్తి చూస్తే ఎవరైనా వెనక సీలే అంటారు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య అతుకు కింది బోల్టు తలకాయకు చుక్క వేలాడుతోంది. తుడిస్తే ఐదు నిమిషాల్లో మరొకటి. కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి పది నిమిషాలు నడిపించాం. క్యాబిన్ వైపున్న బ్లాకు గోడ మీద, చిటికెన వేలి వెడల్పున తడి గీత ఒకటి కనిపించింది. ఆ గీత అతుకు దగ్గర మొదలు కాలేదు, పైనుంచి వచ్చి అక్కడ ముగిసింది. అద్దం పెట్టి పైకి వెళ్తే ఫిల్టరు పక్కనే బొటనవేలంత ఆయిల్ ప్రెజర్ స్విచ్. చుట్టూ చూడటానికి పెద్ద తడి లేదు. దాని వైరు కప్లింగ్ ఊడదీశాను. ప్లాస్టిక్ గిన్నెలో, ఉగ్గుగిన్నెలో నూనె పోసినట్టు, తేనె రంగు ఆయిల్ నిండుగా ఉంది. మధ్యలో పిన్ను మునిగి ఉంది. ఆ స్విచ్‌లో ఒక పలుచటి పొర ఉంటుంది, ఒక పక్క ఆయిల్ ఒత్తిడి, రెండో పక్క కరెంటు. పొర చిట్లింది. ఒత్తిడితో వచ్చిన ఆయిల్ కప్లింగ్ అంచు దాటి గోడ వెంట దిగుతోంది. మాస్టారు తొంగి చూసి చాలాసేపు మాట్లాడలేదు. కొన్ని వందల రూపాయల వస్తువు. మార్చడానికి అరగంట కూడా పట్టలేదు. అదే కారుకు గేర్‌బాక్సు దింపి ఉంటే ఒక రోజు పని, వేలల్లో ఖర్చు. కొత్త సీలు వేశాక కూడా చుక్క పడేది.

అందుకే మీరు గేర్‌బాక్సు మాటకు ముందు ఆ కప్లింగ్ ఊడదీసి చూడండి. పొడిగా ఉండాలి. చెమ్మ ఉందంటే సగం సమాధానం దొరికినట్టే.

పౌడరుతో తేలకపోతే రంగు పరీక్ష ఉంది. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే ప్రత్యేకమైన రంగు చిన్న సీసాలో దొరుకుతుంది. సీసా మీద రాసిన కొలత ప్రకారం పోసి, ఇంజిన్‌ను అరగంట నడిపి, చీకట్లో అతినీల కాంతి టార్చి వేస్తే కారిన ఆయిల్ పసుపుపచ్చగా మెరుస్తుంది. ఇది కూడా కడిగిన ఇంజిన్ మీదే చేయాలి. దీనికి ఒక అదనపు లాభం ఉంది. ఇంజిన్ ఆయిల్‌లో మాత్రమే రంగు కలిపారు కాబట్టి, గేర్‌బాక్సు అతుకు దగ్గర చుక్క మెరవకపోతే అది గేర్ ఆయిల్. గేర్‌బాక్సు షాఫ్టు సీలు నుంచి వస్తున్నదాన్ని ఇంజిన్ వెనక సీలు అనుకొని మార్చిన సందర్భాలు నాకు తెలుసు.

వెనక సీలు పోయిందని నిర్ధారించడానికి ఒక్కటే నమ్మదగిన మార్గం. తడి లోపల ఉందా, బయట ఉందా అని చూడటం. క్లచ్ ఉండే గూటికి కింద చిన్న రంధ్రమో, విప్పగలిగే రేకో ఉంటుంది. ఫోనుకు తగిలించే సన్నటి గొట్టం కెమెరా ఇప్పుడు చవకగా దొరుకుతోంది. దాన్ని లోపలికి పంపండి. లోపల ఫ్లైవీలు (క్రాంక్ చివర బిగించిన బరువైన చక్రం) వెనక గోడ తడిసి, క్లచ్ పొడి ఆయిల్‌తో కలిసి నల్లటి ముద్దగా మారి ఉంటే సీలు పోయినట్టే. లోపల పొడిగా ఉండి బయట అతుకు మాత్రమే తడిగా ఉంటే ఆ ఆయిల్ పైనుంచి వచ్చిందే. మెకానిక్‌ను ఆ వీడియో చూపించమని అడగండి. నిజంగా చూసి చెప్పినవారు సంతోషంగా చూపిస్తారు.

లోపల తడి ఉందని తేలితే అప్పుడు దింపించండి, సందేహం వద్దు. ఆయిల్ పడ్డ క్లచ్ ప్లేటు జారుతుంది, ఎక్కుడు రోడ్ల మీద ఇబ్బంది పెడుతుంది. దింపినప్పుడు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూడమనండి. 82,000 కిలోమీటర్లకు అవి కూడా అరిగే వయసులో ఉంటాయి, మళ్ళీ అదే కూలి ఇవ్వకుండా ఒకేసారి అయిపోతుంది. పాత సీలు తీసిన చోట షాఫ్టు మీద గోరుతో గీకి చూడాలి. గోరు పట్టేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా అదే గాడిలో కూర్చొని కారుతుంది. సీలును గాడికి కొంచెం పక్కగా కూర్చోబెట్టడమో, షాఫ్టుకు పలుచటి స్లీవు తొడగడమో చేయాలి. ఇంకో మెలిక ఉంది. రబ్బరు సీలు పెదవికి కొద్దిగా ఆయిల్ రాసి ఎక్కిస్తాం. టెఫ్లాన్ రకం సీలుకు మాత్రం ఆయిల్ రాయకూడదు, పొడిగానే ఎక్కించాలి. రెంటికీ ఒకే పద్ధతి పాటించడం వల్ల కొత్త సీలే నెలలో కారిన బళ్ళు ఉన్నాయి.

ఆయిల్‌లో పోసే లీకు మందుల గురించి మీరు అడగలేదు గాని, ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అవి గట్టిపడ్డ రబ్బరును కొద్దిగా ఉబ్బేలా చేస్తాయి. కొన్నాళ్ళు చెమ్మ తగ్గవచ్చు. చిట్లిన స్విచ్‌నూ, వంగిన అంచునూ అవి బాగు చేయలేవు. చిక్కటి ఆయిల్ పోస్తే కారదన్న సలహా అంతకంటే చెడ్డది. కారుతో వచ్చిన పుస్తకంలో మీ ఇంజిన్‌కు 5డబ్ల్యు-30 అని (అది ఆయిల్ చిక్కదనం గుర్తు) ఉంటే అదే పోయండి. చిక్కటి ఆయిల్ ఉదయం స్టార్టు చేసినప్పుడు పైభాగాలకు ఆలస్యంగా చేరుతుంది. లీకు కనిపించకుండా చేయబోయి ఇంజిన్‌నే అరగదీసుకోవడం అవుతుంది.

ఈ వెతుకులాట సాగినన్నాళ్ళు కారు నడపవచ్చా అంటే, మీరు చెప్పిన మరక మాత్రమే అయితే నడపవచ్చు. వారానికి రెండుసార్లు స్టిక్ చూసుకుంటూ ఉండండి. కానీ నాలుగు సందర్భాల్లో నడపవద్దు. ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే అక్కడికక్కడే ఆపేయాలి. అది ఒత్తిడి పోయిందని చెబుతుంది, ఇంకో కిలోమీటరు పోదామనుకుంటే బేరింగులు పోతాయి. బానెట్ కింది నుంచి మాడు వాసన, నీలిపొగ వస్తే ఆయిల్ వేడి సైలెన్సరు మీద పడుతోంది, మంటలకు దారి తీస్తుంది. క్రాంక్ ముందు వైపు సీలు దగ్గర తడి కనిపించి, మీ ఇంజిన్‌కు క్రాంక్‌నూ క్యామ్‌నూ కలిపే టైమింగ్ చెయిన్ బదులు రబ్బరు బెల్టు ఉంటే ఆలస్యం చేయవద్దు. ఆయిల్ తాగిన బెల్టు ఉబ్బి పళ్ళు ఊడుతుంది, చాలా ఇంజిన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. స్టిక్ మీద మట్టం రోజురోజుకూ దిగుతుంటే కూడా ఆపేయండి.

ఏది మార్చినా, మార్చిన రోజే ఇంజిన్‌ను మళ్ళీ కడిగించండి. పాత తడి మిగిలి ఉంటే పని కుదిరిందో లేదో తెలియదు. కింది ప్లాస్టిక్ రేకు వెంటనే బిగించనివ్వకండి, వారం ఆగమనండి. మూడు రాత్రులు అట్ట పరిచి చూడండి. మూడో ఉదయం కూడా అట్ట తెల్లగా ఉంటే అప్పుడు రేకు బిగించి, డబ్బు లెక్క చూసుకోవచ్చు.